పాత ప్రెస్ కెమెరా కొంటున్నారా? తోలు మెరుపు కాదు, తిత్తిలో బెజ్జాలు చూడండి

మూతపడిన ఫొటో స్టూడియోల సామాను తూకానికి పోతోంది. స్టాండు కెమెరాలు, ఇత్తడి లెన్సులు, గాజు నెగెటివ్‌లతోపాటు ఎప్పుడైనా ఒకసారి వాటిలో నల్లని తోలు కప్పిన చదరపు పెట్టె ఒకటి కనిపిస్తుంది. మూత తెరిస్తే కొలిమి తిత్తిలా ముడతలుపడిన బెలోస్, దాని కొసన లెన్స్, వెనుకవైపు గరుకు అద్దం. అదే ప్రెస్ కెమెరా. దాని విలువ తెలియక పాత ఇనుము లెక్కన ఇచ్చేస్తున్నవారు కొందరైతే, విలువ ఉన్నదని విని పనికిరాని దానికి పదుల వేల రూపాయలు పోసి మోసపోతున్నవారు మరికొందరు. ఇంటర్నెట్ వేలంలో అమెరికా నుంచి తెప్పించుకుంటున్న ఔత్సాహికులకైతే కెమెరా చేతికి వచ్చాకగాని అసలు సంగతి తెలియదు. అప్పటికి రవాణా ఖర్చు, దిగుమతి సుంకం కూడా చెల్లించి ఉంటారు.

ప్రెస్ కెమెరా అనగానే ప్రపంచమంతటా ముందుగా గుర్తుకొచ్చేది 'స్పీడ్ గ్రాఫిక్'. న్యూయార్క్‌లో ఫోల్మర్, ష్వింగ్ అనే ఇద్దరు భాగస్వాములు 19వ శతాబ్దం చివర్లో పెట్టిన సంస్థ నుంచి ఇది పుట్టింది. 1905లో ఆ సంస్థను కొడాక్ అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్ కొని రోచెస్టర్‌కు తరలించారు. తొలి స్పీడ్ గ్రాఫిక్ 1912లో వెలువడింది. గుత్తాధిపత్య నిరోధక చట్టం కారణంగా 1926లో కొడాక్ నుంచి విడిపోయిన సంస్థ, తర్వాతి కాలంలో గ్రాఫ్లెక్స్ పేరుతో స్థిరపడి 1973 వరకు కొనసాగింది. 1937 మే 6న న్యూజెర్సీలో హిండెన్‌బర్గ్ గాలినౌక మంటల్లో కూలిపోతుండగా శామ్ షేర్ తీసిన చిత్రం, 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా దీవిలోని కొండపై సైనికులు జెండా నిలబెడుతుండగా జో రోసెంతాల్ తీసిన చిత్రం ఈ కెమెరాతో తీసినవే. 1960 అక్టోబరులో టోక్యో సభావేదికపై సోషలిస్టు నాయకుడు అసనుమాను ఓ యువకుడు కత్తితో పొడిచిన క్షణాన్ని యసుషి నగావో పట్టుకున్నదీ దీనితోనే. ఆ చిత్రానికి 1961లో పులిట్జర్ బహుమతి లభించింది.

మన దేశంలోనూ దీనికి చరిత్ర ఉన్నది. తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలిగా పేరొందిన హోమాయ్ వ్యారావాలా ఢిల్లీలో పనిచేసిన కాలంలో క్వార్టర్ ప్లేట్ స్పీడ్ గ్రాఫిక్‌ను వాడారు. చీరకట్టుతో, చేతిలో ఆ కెమెరాతో నిలబడిన ఆమె చిత్రం ప్రసిద్ధం. 2011లో పద్మవిభూషణ్ అందుకున్న ఆమె 2012 జనవరిలో కన్నుమూశారు. తెలుగునాట పెద్ద ప్లేటు చిత్రకళకు ఆద్యుడని చెప్పదగిన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో అంతకు చాలా ముందుది. అయితే ఆయన వాడినవి ముక్కాలిపీటపై నిలిపే కెమెరాలు. ప్రెస్ కెమెరాను చేత్తో పట్టుకొని జనంలోకి దూసుకుపోవచ్చు. ఈ రెండింటికీ ఉన్న అసలు తేడా ఇదే.

పెద్ద నెగెటివ్ ఎందుకు?

దాదాపు మూడు కిలోల బరువును మోసుకుంటూ, ఒక్కో బొమ్మకు ఒక్కో షీటు మార్చుకుంటూ ఎందుకు కష్టపడ్డారన్న ప్రశ్న సహజం. జవాబు నెగెటివ్ పరిమాణంలో ఉన్నది. సాధారణ 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌పై పడే బొమ్మతో పోలిస్తే 4×5 అంగుళాల షీటుపై పడే బొమ్మ వైశాల్యం సుమారు 13 రెట్లు. హడావుడిలో గురి తప్పినా, జనం తలలు అడ్డొచ్చినా అవసరమైన ముక్కను మాత్రమే కత్తిరించుకొని పెద్దది చేసి అచ్చువేసుకోవచ్చు. అచ్చు గడువు ముంచుకొస్తే నెగెటివ్ తడి ఆరకముందే ఎన్‌లార్జర్‌లో పెట్టేవారు. ఒక్క బొమ్మనే తీసి, ఒక్క షీటునే కడిగి పత్రికకు పంపే వెసులుబాటు రోల్ ఫిల్మ్‌కు లేదు. 1950ల నుంచి రోలీఫ్లెక్స్‌లు, తర్వాత 35 మిల్లీమీటర్ల కెమెరాలు వచ్చి దీన్ని మూలకు నెట్టాయి.

ఏది ఏమిటి?

పేర్ల గందరగోళంలో డబ్బు పోగొట్టుకునేవారే ఎక్కువ. స్పీడ్ గ్రాఫిక్‌లో రెండు షట్టర్లు ఉంటాయి. ఒకటి లెన్స్ మధ్యలో ఉండే రేకుల షట్టర్. రెండోది ఫిల్మ్‌కు ముందు తెరలా పరుగెత్తే గుడ్డ షట్టర్. దీని వేగం సెకనులో వెయ్యోవంతు వరకు ఉంటుంది. 1947లో వచ్చిన 'క్రౌన్ గ్రాఫిక్'లో ఈ గుడ్డ షట్టర్ లేదు. అందువల్ల అది తేలికగా, పలుచగా ఉంటుంది, వెడల్పు దృశ్యాన్ని పట్టే పొట్టి లెన్సులకూ అనువు. తిరిగి చిత్రాలు తీయాలనుకునే కొత్తవారికి క్రౌన్ గ్రాఫిక్ చాలు. షట్టర్ లేని పాత ఇత్తడి లెన్సులతో ప్రయోగాలు చేయాలనుకునేవారికే స్పీడ్ గ్రాఫిక్ అవసరం. గుడ్డ షట్టర్ వెనుక ఉండటంతో ఏ లెన్స్‌నైనా ముందు బిగించి వాడుకోవచ్చు.

అమెరికాలోనే బుష్ ప్రెస్‌మన్, ఇంగ్లండులో ఎంపీపీ, జర్మనీలో లిన్‌హాఫ్ టెక్నికా ఇదే కుటుంబానికి చెందినవి. మన స్టూడియోల్లో ఎక్కువగా దొరికే చెక్క కెమెరాలు మాత్రం ప్రెస్ కెమెరాలు కావు. కేరళలోని అలప్పుళలో తయారైన వాగీశ్వరి కెమెరాలు ఈ కోవలోవే. అవి స్టాండుపై నిలిపి తీసేవి. నాణ్యతలో తక్కువేమీ కావు. కానీ ప్రెస్ కెమెరా అని చెప్పి ఎవరైనా అమ్మజూపితే ఆ తేడా తెలిసి ఉండాలి.

ఇక సైజు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. స్పీడ్ గ్రాఫిక్‌లు ప్రధానంగా మూడు కొలతల్లో వచ్చాయి. 4×5 అంగుళాలది పెద్దది. 3¼×4¼ అంగుళాలది, అంటే మనవాళ్లు క్వార్టర్ ప్లేట్ అనేది, మధ్యరకం. 2¼×3¼ అంగుళాలది చిన్నది. నేటికీ షీటు ఫిల్మ్ సులువుగా దొరుకుతున్నది 4×5కే. ఇల్‌ఫర్డ్, కొడాక్, ఫోమా సంస్థలు ఈ కొలతలో తయారుచేస్తున్నాయి. క్వార్టర్ ప్లేట్ కెమెరా చౌకగా వస్తోందని కొంటే పెద్ద షీటును చీకట్లో కోసుకోవాల్సి వస్తుంది. చిన్న కెమెరాకు 120 రోల్ ఫిల్మ్ పెట్టె దొరికితేనే ప్రయోజనం.

చేతికి తీసుకున్నాక

అమ్మేవారు ముందుగా తోలు మెరుపు, నికెల్ తళుకు చూపిస్తారు. కొనేవారు చూడాల్సినవి వేరు.

మొదట బెలోస్. దాన్ని పూర్తిగా ముందుకు లాగి, చీకటి గదిలో లోపల టార్చిలైటు వెలిగించి, బయటనుంచి మడతల మూలలను పరిశీలించాలి. నక్షత్రాల్లా మెరిసే ప్రతి చుక్కా ఒక సూది బెజ్జమే. నాలుగైదు ఉంటే బాగుచేసుకోవచ్చు. మూలలన్నీ మెరిస్తే బెలోస్ మార్చాల్సిందే. కొత్తది చేయించే ఖర్చు కొన్నిసార్లు కెమెరా ధరను మించుతుంది.

తర్వాత లెన్స్. 127 మిల్లీమీటర్ల కొడాక్ ఎక్టార్, 135 మిల్లీమీటర్ల ఆప్టార్, ష్నైడర్ సంస్థ జెనార్ ఈ కెమెరాలపై తరచూ కనిపించేవి. లెన్స్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సాలెగూడులాంటి సన్నని పోగులు కనబడవచ్చు. అది బూజు. కోస్తా జిల్లాల ఉక్కలో ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న లెన్సులకు ఇది తప్పదు. పైపొరకే పరిమితమైన బూజు తుడిస్తే పోతుంది, గాజును తినేసిన బూజు మచ్చ పోదు. రెండు గాజులు అతికిన చోట అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే లోపలి జిగురు ఊడుతున్నట్టు. అలాంటిదాన్ని వదిలేయడం మేలు.

రేకుల షట్టర్‌ను సెకను వేగంపై పెట్టి మీట నొక్కాలి. చాలా కెమెరాల్లో అది రెండు, మూడు సెకన్లు తెరిచే ఉండిపోతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. లోపలి గ్రీజు ఎండిపోవడమే కారణం. ఇది లోపమే గానీ కొనకుండా వదిలేయాల్సినంత లోపం కాదు. ధర తగ్గించుకోవడానికి మాత్రం పనికొస్తుంది. గుడ్డ షట్టర్‌ను తాళంచెవిలాంటి మీటతో నెమ్మదిగా చుట్టి, వదిలి చూడాలి. రబ్బరు పూసిన ఆ గుడ్డ గట్టిపడితే చిట్లిపోతుంది.

కెమెరా పక్కన లేదా పైన రేంజ్‌ఫైండర్ ఉంటుంది. దూరాన్ని కొలిచి ఫోకస్ చూపించే పరికరమిది. పక్కన ఉండే కలార్ట్ రకాన్ని ఒక్క లెన్స్‌కు సరిపోయేలా సరిచేసి ఉంచుతారు. లెన్స్ మారిస్తే మళ్లీ సరిచేయాలి. 1950ల మధ్యలో వచ్చిన పై రకంలో ఒక్కో లెన్స్‌కు ఒక్కో లోహపు ముక్కను లోపల అమర్చాలి. ఆ ముక్క లేకపోతే రేంజ్‌ఫైండర్ అలంకారమే. అయినా వెనుక గరుకు అద్దం ఉన్నది కాబట్టి చిత్రం తీయడం ఆగదు.

ఫ్లాష్ పిడి గురించి ఒక వింత చెప్పుకోవాలి. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రంలో కథానాయకుడి కాంతిఖడ్గానికి పిడిగా వాడినది గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ బ్యాటరీ గొట్టమే. దాంతో ఆ గొట్టాలకు సినీ అభిమానుల్లో విపరీతమైన గిరాకీ ఏర్పడింది. కెమెరా నుంచి దాన్ని విడదీసి వేరుగా అమ్ముతున్నారు, నకిలీలూ వచ్చాయి. కెమెరాతోపాటు ఆ గొట్టం ఉంటే దాని ధర వేరుగా తెలుసుకోకుండా అమ్మకూడదు, కొనకూడదు.

దూరం నుంచి తెప్పించుకునేవారు బెలోస్ లాగి ఉంచిన ఫొటోలు, లెన్స్ లోనుంచి వెలుతురు కనిపించే ఫొటోలు, వెనుక చట్రం ఫొటో అడగాలి. 1940ల చివరి నుంచి వచ్చిన 'గ్రాఫ్లాక్' అనే వెనుక చట్రం ఉంటే రోల్ ఫిల్మ్ పెట్టెలు కూడా బిగించుకోవచ్చు. పాత స్ప్రింగు చట్రానికి ఆ సౌకర్యం లేదు. ఫొటోలు పంపడానికి అమ్మకందారు నిరాకరిస్తే బేరం అక్కడే ముగించడం మంచిది.

బాగుచేయడం

సూది బెజ్జాలకు గుడ్డలకు వేసే నల్లరంగును సన్నని కుంచెతో పలుచగా పూసి ఆరనివ్వాలి. బెలోస్ సాగదీసే ఉంచాలి, లేకుంటే మడతలు అతుక్కుంటాయి. చిరిగిన మూలకు పలుచని నల్లగుడ్డ ముక్క అతికించవచ్చు. ఇన్సులేషన్ టేపు అంటించడం పెద్ద పొరపాటు. మందం పెరిగి బెలోస్ ముడుచుకోదు, వేసవిలో జిగురు కారిపోతుంది.

ఆగిపోయిన షట్టర్‌లో కుట్టుమిషన్ నూనె వేయడం మన దగ్గర పాత అలవాటు. ఆ రోజుకు కదులుతుంది, నెల తిరిగేసరికి నూనె రేకులపైకి పాకి పూర్తిగా బిగిసిపోతుంది. సరైన పద్ధతి లెన్స్ గాజులను ముందూ వెనుకా విప్పి, షట్టర్‌ను సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోలుతో కడిగి ఆరబెట్టడం. ఈ పని గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా చేయాలి. అనుభవమున్న గడియారాల మరమ్మతుదారుకు ఈ యంత్రం కొత్తేమీ కాదు. చిన్న పళ్లచక్రాలు, స్ప్రింగులే ఇందులోనూ ఉంటాయి.

వేగం సరిచూసుకోవడానికి ఇప్పుడు ప్రయోగశాల అవసరం లేదు. సెకనుకు 240 చిత్రాలు తీసే స్లోమోషన్ సదుపాయం ఉన్న సెల్‌ఫోన్‌తో షట్టర్‌ను చిత్రీకరించి, ఎన్ని చిత్రాల్లో తెరిచి ఉన్నదో లెక్కపెడితే చాలు. సెకనులో 30వ వంతుకు ఎనిమిది చిత్రాలు రావాలి. పదహారు వస్తే షట్టర్ సగం వేగంతోనే నడుస్తున్నది. ప్రతి వేగానికీ అసలు లెక్క కాగితంపై రాసి కెమెరాకు అతికించుకుంటే, నెమ్మదించిన షట్టర్‌తోనూ చక్కని చిత్రాలు వస్తాయి.

పగిలిన గరుకు అద్దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు మిల్లీమీటర్ల మందం అద్దాన్ని కొలతకు కోయించి, దానిపై సన్నరకం కార్బోరండం పొడి, కొంచెం నీళ్లు వేసి మరో చిన్న గాజుపలకతో గుండ్రంగా రుద్దాలి. పావుగంటకు పాలరంగు వస్తుంది. బిగించేటప్పుడు గరుకువైపు లెన్స్‌కు ఎదురుగా ఉండాలి. తిరగేసి పెడితే అద్దం మందమంత ఫోకస్ తప్పుతుంది. గరుకు ముఖం ఉన్నచోటే ఫిల్మ్ కూడా నిలవాలి. 4×5 హోల్డర్లలో ఆ లోతు 0.197 అంగుళం, అంటే సుమారు 5 మిల్లీమీటర్లు. చిత్రాలన్నీ మసకగా వస్తున్నాయని లెన్స్‌ను తిట్టుకునేవారు ముందుగా ఈ లోతు కొలిపించుకోవాలి.

నల్లతోలు ఒలిచి, లోపలి మహోగని కలపకు వార్నిష్ పూసి, ముందుగదిలో పెట్టుకునే అలవాటు పెరిగింది. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మరమ్మతు అంటే అది కాదు. ఆ తోలు మళ్లీ రాదు, కెమెరా విలువా తిరిగి రాదు.

చిత్రం తీయడం

ముందుగా స్పీడ్ గ్రాఫిక్‌లో ఏ షట్టర్ వాడేదీ నిశ్చయించుకోవాలి. రెండోది తప్పక తెరిచి ఉంచాలి. గుడ్డ షట్టర్ మూసి ఉండగా లెన్స్ షట్టర్ నొక్కితే ఫిల్మ్‌పై ఏమీ పడదు. కొత్తవారి మొదటి షీట్లు ఖాళీగా రావడానికి నూటికి తొంభైపాళ్లు కారణం ఇదేనన్నా అతిశయోక్తి కాదు.

లెన్స్ తెరిచి, నల్లగుడ్డ కప్పుకొని, గరుకు అద్దంపై తలకిందులుగా కనిపించే బొమ్మను సరిచేసుకోవాలి. లెన్స్ మూసి, రంధ్రం, వేగం పెట్టి, షట్టర్ బిగించి, హోల్డర్ దూర్చి, పలక లాగి, నొక్కి, పలక తిరిగి పెట్టాలి. పలకకు ఒకవైపు తెలుపు లేదా వెండిరంగు, మరోవైపు నలుపు ఉంటుంది. తీయని ఫిల్మ్‌కు తెలుపు బయటికి, తీసినదానికి నలుపు బయటికి. ఈ క్రమశిక్షణ తప్పితే ఒకే షీటుపై పెళ్లికూతురు, పక్కనే ఉన్న చెరువు కలిసిపోతాయి. చీకట్లో ఫిల్మ్ ఎక్కించేటప్పుడు షీటును నిలువుగా పట్టి, అంచున ఉండే గాటు పైన కుడిచేతివైపు తగిలితే మందు పూసిన ముఖం మనవైపు ఉన్నట్టు.

ఒక్కో ఫిల్మ్ షీటు ధర వందల రూపాయల్లోనే ఉన్నది. సాధన దశలో ఇది మోయలేని భారం. ఆసుపత్రులకు సరఫరా అయ్యే ఎక్స్‌రే ఫిల్మ్ ఇందుకు ఒక ఉపాయం. పచ్చకాంతికి స్పందించే రకాన్ని ఎర్రదీపం వెలుగులో కోసుకొని వాడవచ్చు. ఎర్రరంగును అది పట్టదు కాబట్టి పెదవులు, కుంకుమబొట్టు నల్లగా వస్తాయి. రెండువైపులా మందు పూసి ఉంటుంది కాబట్టి ఇట్టే గీతలు పడతాయి, ట్రే అడుగున గాజుపలక వేసి కడగాలి. దీని వేగం 50 అనుకొని మొదలుపెట్టి, ఫలితాన్నిబట్టి సర్దుకోవాలి. మామూలు ఫిల్మ్‌ను మాత్రం ఎర్రదీపం కింద తెరవకూడదు, పూర్తి చీకటి కావాలి.

కడగడంలో మన వాతావరణమే పెద్ద అడ్డంకి. డెవలపర్‌కు 20 డిగ్రీలు ప్రమాణం. మే నెలలో మేడపై ట్యాంకు నీళ్లు 35 దాటి ఉంటాయి. ఆ వేడికి ఫిల్మ్‌పై మందు పొర ఉబ్బి ముడతలుపడుతుంది. డెవలపర్ ట్రేను మంచుగడ్డలు వేసిన పెద్ద ట్రేలో ఉంచాలి. హైపో, చివర కడిగే నీళ్లు కూడా దాదాపు అంతే చల్లదనంలో ఉండాలి. ఒకటి చల్లగా, మరొకటి వేడిగా ఉంటే పొర దెబ్బతింటుంది.

పని ముగిశాక గుడ్డ షట్టర్ స్ప్రింగును సడలించి, కెమెరాను తోలు సంచిలో కాకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన మూతడబ్బాలో ఉంచాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలంలో ఆ పొట్లాలను నెలకోసారి వేయించి ఆరబెట్టుకుంటే మళ్లీ పనికొస్తాయి.

పాత సామానుతో హోల్డర్లు దొరికితే వెలుతుర్లో పలక లాగి చూడటం తగదు. నలుపు బయటికి ఉన్నదంటే లోపల ఎవరో తీసి, కడగకుండా వదిలేసిన ఫిల్మ్ ఉండవచ్చు. ఏళ్లు గడిచినా బొమ్మ రావచ్చు. కట్టలుగా ఉన్న నెగెటివ్‌లను వెండి కోసం కొనేవారికి తూకానికి ఇచ్చే ముందు అంచులు పరిశీలించాలి. 'సేఫ్టీ' అన్న అక్షరాలు లేని, ఘాటు వాసన వేసే పాత నెగెటివ్‌లు నైట్రేట్ రకానివి కావచ్చు. అవి ఇట్టే అంటుకుంటాయి. వంటగదికి, ఎండకు దూరంగా, గాలి ఆడేలా కాగితపు కవర్లలో విడివిడిగా ఉంచాలి. గాజు ప్లేట్లనైతే ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టాలి.